కలంకారీ వస్త్రంలోని మొక్కల రంగులను రసాయన పరీక్షతో గుర్తించడం ఎలా

మచిలీపట్నం, పెడన అచ్చు అద్దకాన్నీ శ్రీకాళహస్తి కలం పనినీ కొనేవారికి, అమ్మేవారికి, భద్రపరిచేవారికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఈ గుడ్డ మీది ఎరుపు చిరివేరు అనే మొక్క వేరుదా, ఈ నీలం నీలిమొక్కదా, లేక రెండూ కర్మాగారం నుంచి వచ్చినవా? దీనికి కన్ను సమాధానం చెప్పలేదు. చిరివేరుకూ మంజిష్ఠ జాతి వేర్లకూ ఎరుపునిచ్చే ఆలిజరిన్‌ను జర్మనీలో గ్రేబే, లీబర్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్తలు 1868లో ప్రయోగశాలలో తయారుచేశారు. కొద్ది ఏళ్లకే అది బజారులోకి వచ్చింది. 1897లో బీఏఎస్‌ఎఫ్ సంస్థ కృత్రిమ నీలిమందును అమ్మకానికి పెట్టింది. ఈ రెండింటిలోని ప్రధాన రంగు పదార్థం అణువు స్థాయిలో మొక్కలో ఉన్నదే. అందువల్ల పరీక్ష చేసేవారు రెండు ప్రశ్నలను వేరుగా పెట్టుకోవాలి: ఇందులో ఏ రంగు పదార్థం ఉంది, అది ఎక్కడి నుంచి వచ్చింది. మొదటి ప్రశ్నకు ఒక్క పదార్థం దొరికితే చాలు. రెండో ప్రశ్నకు ఆ పదార్థం పక్కన ఇంకా ఏమేమి ఉన్నాయో, ఏమేమి లేవో తెలియాలి. ఈ తేడాను మరిచిపోయి, ఆలిజరిన్ కనిపించగానే "సహజ రంగు" అని ధ్రువపత్రం ఇవ్వడం ఈ పనిలో జరిగే అతి పెద్ద పొరపాటు.

ఇక్కడ వాడే ఆమ్లాలు, ద్రావకాలు ప్రమాదకరమైనవి. పొగలు బయటకు లాగే హుడ్, చేతితొడుగులు, కళ్లజోడు ఉన్న ప్రయోగశాలలోనే ఈ పరీక్షలు చేయండి. ఇంటి వంటగదిలో వీటిలో ఏ ఒక్కటీ చేయకండి.

మొదటి మెట్టు: గుడ్డ చరిత్రను రాసుకోవడం

నమూనా తీయడానికి ముందే ఆ గుడ్డ ఎలా తయారై ఉండవచ్చో ఒక కాగితం మీద రాసుకోండి. సంప్రదాయ కలంకారీలో నూలు గుడ్డను ముందుగా కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుమును బెల్లంతో పులియబెట్టి తీసిన కసిమితో నల్లని గీతలు వేస్తారు. ఆ ఇనుము కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక ద్రావణం అద్ది, తరువాత గుడ్డ మొత్తాన్ని చిరివేరు వంటి వేరుతో మరిగిస్తారు. పటిక ఉన్న చోటే ఎరుపు నిలుస్తుంది, మిగిలిన చోట ఉతికితే పోతుంది. నీలం నీలిమందుతో వస్తుంది. పసుపుపచ్చ కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క వంటివాటితో వస్తుంది. నీలం మీద పసుపుపచ్చ పూస్తే ఆకుపచ్చ వస్తుంది.

ఈ క్రమం తెలిసినవారికి రెండు విషయాలు వెంటనే అర్థమవుతాయి. గుడ్డ అంతటా కరక్కాయ ఉంటుంది కాబట్టి ఎరుపు పోగులో కనిపించిన ప్రతి పదార్థాన్నీ ఎరుపు రంగుకు అంటగట్టకూడదు. ఆకుపచ్చ చోట ఒక రంగు కోసం వెతికి ఆగిపోకూడదు.

రెండో మెట్టు: నమూనా తీయడం

నేతలోనే రంగు పోగులు వాడిన చీర అయితే ఒక పోగు పొడవునా ఒకే రంగు ఉంటుంది. కలంకారీ అలా కాదు. ఒకే పేక పోగు నాలుగు మిల్లీమీటర్లు ఎరుపుగా, ఒక మిల్లీమీటరు నలుపుగా, ఆ తరువాత తెల్లగా సాగిపోతుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి, కావలసిన రంగు మొదలైన చోట, ముగిసిన చోట గీత చూసుకొని, ఆ ముక్కను మాత్రమే సన్నని కత్తెరతో తుంచండి. గుడ్డ వెనుకవైపు, కుట్టు మడతలో, అంచు దగ్గర ఇప్పటికే ఊడివస్తున్న పోగులను ముందు చూడండి. మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల ముక్క, అంటే ఒక మిల్లీగ్రాము కన్నా తక్కువ బరువు, చాలా పరీక్షలకు సరిపోతుంది.

ప్రతి రంగుకూ ఒక నమూనాతో పాటు, రంగు వేయని తెల్లని చోటు నుంచి కూడా ఒక నమూనా తప్పక తీయండి. చాలామంది వదిలేసేది ఇదే, కానీ ఫలితాన్ని నిలబెట్టేదీ ఇదే. తెల్లని చోట ఎల్లాజిక్ ఆమ్లం కనిపిస్తే అది కరక్కాయ పూత నుంచి వచ్చిందని తెలుస్తుంది. అప్పుడు అదే పదార్థం పసుపుపచ్చ చోట కనిపించినా దానికి పెద్ద విలువ ఇవ్వకుండా ఉండగలుగుతారు.

నమూనాను చేతితో తాకకండి, ఎందుకంటే వంట చేసిన వేళ్ల మీది పసుపు కూడా యంత్రంలో కనిపిస్తుంది. చిన్న గాజు సీసాలో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలోని మెత్తబరిచే రసాయనాలు అణువుల బరువును కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ గీసే గ్రాఫులో పెద్ద శిఖరాలుగా వచ్చి చిరాకు పెడతాయి. పటిక కోసం వెతకబోతున్నట్లయితే అల్యూమినియం రేకులో చుట్టకండి. సీసా మీద తేదీ, గుడ్డ సంఖ్య, నమూనా తీసిన చోటు రాసి, ఆ చోటును ఫోటో తీసి ఉంచండి.

మూడో మెట్టు: గుడ్డకు హాని లేని పరీక్షలు

అతినీలలోహిత దీపం కింద చీకటి గదిలో గుడ్డను చూడండి. పసుపుకొమ్ముతో అద్దిన రంగు పచ్చని పసుపు వెలుగును ఇస్తుంది. పర్పురిన్ అనే మరో రంగు పదార్థం ఉన్న ఎరుపులు, ముఖ్యంగా మంజిష్ఠ, నారింజ రంగు వెలుగునిస్తాయి. ఆలిజరిన్ ప్రధానంగా ఉండే చిరివేరు ఎరుపులో ఆ వెలుగు బలహీనంగా ఉంటుంది. ఇది సూచన మాత్రమే.

గుడ్డ నుంచి తిరిగివచ్చే వెలుతురును రంగులవారీగా కొలిచే పరావర్తన వర్ణపటమాపకం అందుబాటులో ఉంటే, నీలం చోట 660 నానోమీటర్ల దగ్గర బలమైన శోషణ నీలిమందును సూచిస్తుంది. ఎరుపు చోట కనిపించే రెండు చిన్న పల్లాలు సుమారు 510, 540 దగ్గర ఉంటే మొక్కవేరు నుంచి వచ్చిన రంగు, 525, 565 దగ్గర ఉంటే లక్క వంటి పురుగు రంగు అనుకోవచ్చు. ఈ దశలో మొక్క పేరు రాయకండి.

నాలుగో మెట్టు: చుక్క పరీక్షలు

యంత్రాలు దొరకని చోట ఈ పరీక్షలే ఆధారం. యంత్రాలు ఉన్న చోట కూడా ముందు ఇవి చేస్తే ఏ నమూనాను దేనితో కరిగించాలో తెలుస్తుంది. వీటిని ఎప్పుడూ గుడ్డ మీద చేయకండి. తెంచిన పోగు ముక్కను గాజు పలక మీద పెట్టి, సూక్ష్మదర్శిని కింద చూస్తూ చేయండి.

నీలంతో మొదలుపెట్టండి. నీలిమందు నీటిలోనూ ఆల్కహాలులోనూ కరగదు. పోగు ముక్కను చిన్న పరీక్షనాళికలో వేసి, కొద్దిగా సోడియం హైడ్రాక్సైడ్, చిటికెడు సోడియం డైథయోనైట్ కలిపి వేడిచేస్తే నీలం మాయమై ద్రవం పచ్చని పసుపుగా మారుతుంది. దాని మీద కొంచెం ఇథైల్ ఎసిటేట్ పోసి కుదిపి నిలబెట్టండి. గాలి తగలగానే పై పొరలో నీలం మళ్లీ మేలుకుంటుంది. రంగు పోయి తిరిగి రావడమే ఇక్కడ గుర్తు. గాఢ నైట్రిక్ ఆమ్లం చుక్క పడితే నీలిమందు పసుపుపచ్చగా మారి చుట్టూ ఆకుపచ్చ అంచు కనిపించడం కూడా పాత పరీక్షే, అయితే అది ఒంటరిగా సరిపోదు.

డైథయోనైట్ ఎరుపు విషయంలోనూ ఉపయోగపడుతుంది. బజారులో దొరికే నాఫ్తాల్ ఎరుపులు అజో జాతి (రెండు నత్రజని పరమాణువుల బంధం ఉన్న) కృత్రిమ రంగులు. డైథయోనైట్ వాటి నత్రజని బంధాన్ని తెంచేస్తుంది కాబట్టి పోయిన ఎరుపు గాలి తగిలినా తిరిగి రాదు. ఆలిజరిన్ జాతి ఎరుపు మాత్రం మారి, గాలిలో తిరిగి కోలుకుంటుంది. ఎరుపు తిరిగి రాలేదంటే అది మొక్క రంగు కాదనే అనుమానం బలపడుతుంది; ఆ ఒక్క పరీక్షతోనే మీ డబ్బు, సమయం చాలా మిగులుతాయి.

ఎరుపు తిరిగి వచ్చినట్లయితే మరో ముక్క తీసుకోండి. పది శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో దాన్ని వేడిచేసి, చల్లార్చి, ఇథైల్ ఎసిటేట్‌తో కుదపండి. ఆమ్లం పటిక పట్టును వదిలించడంతో ఆలిజరిన్ పై పొరలోకి పసుపుపచ్చగా ఎక్కుతుంది. ఆ పై పొరను వేరే నాళికలోకి తీసి, ఒక చుక్క సోడియం హైడ్రాక్సైడ్ వేసి చూడండి. అడుగున చేరిన ద్రవం ఊదారంగు వైపు తిరిగితే ఆలిజరిన్ ఉండవచ్చు, ఎరుపుగానే ఉంటే పర్పురిన్ ప్రధానమై ఉండవచ్చు. ఎరుపునిచ్చే మరో వేరైన తొగరులోని మోరిండోన్ అనే పదార్థం కూడా క్షారంలో నీలి ఊదా అవుతుంది కాబట్టి ఊదా కనిపించగానే చిరివేరు అని తేల్చకండి. ఎర్రచందనం చెక్క రంగు నీటిలోకి దాదాపు రాదు, ఆల్కహాలులో సులభంగా వస్తుంది. ఆ తేడా చూస్తే దాన్ని ముందే పక్కకు తీయవచ్చు.

పసుపుపచ్చలో పసుపుకొమ్మును పట్టడం తేలిక. క్షారం చుక్క పడగానే ఎర్రని గోధుమరంగుగా మారి, ఆమ్లం పడితే పసుపుపచ్చకు తిరిగి వస్తుంది. నలుపు గీతలో ఇనుము ఉందో లేదో చూడటానికి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పొటాషియం ఫెర్రోసైనైడ్ చుక్కలు వేయండి. ముదురు నీలం వస్తే ఇనుము ఉంది. తెల్లని చోటు పోగు మీద ఫెర్రిక్ క్లోరైడ్ వేసినప్పుడు నీలి నలుపు కనిపిస్తే కరక్కాయ జాతి టానిన్, ఆకుపచ్చని నలుపు కనిపిస్తే తుమ్మ బెరడు వంటి మరో జాతి టానిన్ అని భావించవచ్చు.

ఐదో మెట్టు: లోహాన్ని తెలుసుకోవడం

ఎక్స్‌రే తగిలినప్పుడు మూలకాలు తిరిగి ఇచ్చే ఎక్స్‌రేను చూసే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరికరంతో ఇనుము, రాగి, క్రోమియం, తగరం సులభంగా తెలుస్తాయి. చేతిలో పట్టుకొనే పరికరం అల్యూమినియాన్ని సరిగా పట్టలేదు, ఎందుకంటే తేలిక మూలకాల నుంచి వచ్చే బలహీనమైన ఎక్స్‌రేను గాలే మింగేస్తుంది. పటిక కోసం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి జతచేసిన ఎక్స్‌రే విశ్లేషణ మంచిది. కాల్షియంను కూడా చూడండి. పటిక, కాల్షియం రెండూ ఉన్నప్పుడే ఆలిజరిన్ ఎరుపు నిండుగా నిలుస్తుంది. తీరప్రాంతంలో గుల్లలు కలిసిన ఇసుక నేల చిరివేరుకు పాతకాలంలో ఉన్న పేరు ఇందువల్లే అయి ఉండవచ్చని నా అభిప్రాయం. ఎరుపులో క్రోమియం కనిపిస్తే ఆ అద్దకం పాతకాలపు పద్ధతిలోది కాదు.

నల్లని గీతల వెంట గుడ్డ చిల్లులు పడటం పాత కలంకారీలో తరచుగా కనిపిస్తుంది. ఇనుము నూలును నెమ్మదిగా తినేస్తుంది. అలాంటి చోట నమూనా కోసం కత్తెర పెట్టకండి, రాలిన పొడి పోగులను ఏరుకోండి.

ఆరో మెట్టు: రంగును పోగు నుంచి రాబట్టడం

ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడిన పద్ధతి ఇది: గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు పాళ్లు, మిథనాల్ ఒక పాలు, నీరు ఒక పాలు కలిపి, అందులో పోగును 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది నిమిషాలు ఉంచి, చల్లార్చి, ఆరబెట్టి, మిగిలినదాన్ని మిథనాల్, నీటి మిశ్రమంలో కరిగిస్తారు. ఇది లోహం పట్టును బాగా తెంచుతుంది. దీనిలోని లోపం ఏమిటంటే, చక్కెరతో కలిసి ఉన్న సహజ అణువులను కూడా విరగ్గొట్టి, మొక్కను గుర్తించడానికి పనికివచ్చే వాటినే పోగొడుతుంది.

మంజిష్ఠ విషయంలో ఇది నిజమైన చిక్కు తెస్తుంది. మంజిష్ఠలోని మున్జిస్టిన్ అనే పదార్థం ఆమ్లంలో వేడెక్కితే కార్బన్ డయాక్సైడును వదిలి జాంథోపర్పురిన్‌గా మారుతుంది. జాంథోపర్పురిన్, ఆలిజరిన్ రెండింటి అణుభారమూ 240. బరువును మాత్రమే చూసేవారు మంజిష్ఠ గుడ్డలో ఆలిజరిన్ ఉందని రాసేస్తారు. కాబట్టి ముందుగా మెత్తని పద్ధతి ఎంచుకోండి. మిథనాల్ 95 పాళ్లు, ఫార్మిక్ ఆమ్లం 5 పాళ్లు కలిపిన ద్రవంలో గానీ, ఆక్సాలిక్ ఆమ్లం చేర్చిన మిథనాల్, ఎసిటోన్, నీటి మిశ్రమంలో గానీ 60 డిగ్రీలు దాటకుండా అరగంట ఉంచండి. రంగు రాకపోతేనే బలమైన ఆమ్లానికి వెళ్లండి. మీ దగ్గర రెండు పోగులు ఉంటే రెండు పద్ధతులూ చేసి పోల్చుకోండి. ఆ పోలికే చాలా చెబుతుంది.

ఆమ్ల పద్ధతి తరువాత పోగు నీలంగానే మిగిలితే డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో వేడిచేయండి. నీలిమందు అందులో కరిగి 620 నానోమీటర్ల దగ్గర శోషణ చూపుతుంది. ఆకుపచ్చ పోగుకు ఈ రెండు దశలూ తప్పనిసరి. పాత గుడ్డల్లో ఆకులు నీలంగా కనిపిస్తే, పైన పూసిన పసుపుపచ్చ వెలుతురుకు పోయిందని అనుమానించి ఆ నీలి ఆకునూ రెండు దశల్లోనే పరీక్షించండి.

పోగు వేయకుండా అన్ని ద్రావకాలతోనూ ఒక ఖాళీ పరీక్ష నడపడం మరచిపోకండి.

ఏడో మెట్టు: విడదీసి చూడటం

తక్కువ ఖర్చులో పలుచని పొర క్రొమటోగ్రఫీ చేయవచ్చు. సిలికా పూసిన పలక మీద మీ నమూనానూ, తెలిసిన వేర్లతో మీరే అద్దిన గుడ్డల సారాలనూ పక్కపక్కన చుక్కలు పెట్టి, టోలీన్, ఇథైల్ ఎసిటేట్, కొద్దిగా ఫార్మిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో నిలబెట్టండి. ఆరిన తరువాత అమ్మోనియా ఆవిరి పట్టిస్తే అప్పటిదాకా పాలిపోయిన పసుపుపచ్చగా ఉన్న మచ్చలు ఎరుపుగా, ఊదాగా విచ్చుకుంటాయి. మచ్చ ఎత్తు, రంగు రెండూ పక్క మచ్చతో సరిపోవాలి.

ఖచ్చితమైన సమాధానానికి హెచ్‌పీఎల్‌సీ (అధిక పీడనంతో ద్రవాన్ని నడిపి మిశ్రమాన్ని విడదీసే యంత్రం), దానికి జతగా శోషణ వర్ణపటాన్ని నమోదు చేసే డయోడ్ అరే డిటెక్టర్, వీలైతే మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. ఈ సౌకర్యం మన దగ్గర పెద్ద విశ్వవిద్యాలయాల్లోనూ, హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వంటి చోట్లనూ ఉంది. సీ18 కాలమ్ (మిశ్రమాన్ని విడదీసే గొట్టం), ఫార్మిక్ ఆమ్లం కలిపిన నీరు, అసిటోనైట్రైల్ మిశ్రమం, ముప్పై నలభై నిమిషాల పరుగు సరిపోతాయి. 250 నానోమీటర్ల దగ్గర మాత్రమే చూడకుండా పూర్తి వర్ణపటాన్ని నమోదు చేయమని అడగండి.

ఫలితాల్లో వెతకవలసినవి ఇవి. ఆలిజరిన్ 430 నానోమీటర్ల దగ్గర శోషణ చూపి, మాస్ స్పెక్ట్రోమీటర్ ఋణావేశ స్థితిలో (అణువు ఒక ప్రోటాన్‌ను కోల్పోయి బరువు ఒకటి తగ్గి) 239 వద్ద కనిపిస్తుంది. పర్పురిన్ 480 దగ్గర శోషణతో 255 వద్ద, మున్జిస్టిన్ 283 వద్ద, మోరిండోన్ 269 వద్ద ఉంటాయి. చిరివేరులో ఆలిజరిన్ ప్రధానం, పర్పురిన్ చెప్పుకోదగినంత ఉండదు. మంజిష్ఠలో పర్పురిన్, మున్జిస్టిన్ ప్రధానం. తొగరులో మోరిండోన్ ప్రధానం. ఐరోపా, పశ్చిమాసియాల మంజిష్ఠ జాతి వేరులో ఆలిజరిన్, పర్పురిన్ రెండూ కలిసి ఉంటాయి.

నీలిమందులోని ఇండిగోటిన్, దానితో వచ్చే ఎరుపు పదార్థం ఇండిరుబిన్ రెండింటి బరువూ 262. కాలమ్ నుంచి బయటకు వచ్చే సమయం వేరు, శోషణ కూడా వేరు: ఇండిరుబిన్ 540 దగ్గర శోషిస్తుంది.

పసుపుపచ్చల్లో మరో ఉచ్చు ఉంది. కరక్కాయ, దానిమ్మల ఎల్లాజిక్ ఆమ్లం, ఉల్లిపొట్టులోని క్వెర్సెటిన్ రెండూ సాధారణ యంత్రంలో 301 వద్దే కనిపిస్తాయి. మరింత సూక్ష్మంగా కొలిచే యంత్రంలో ఒకటి 300.999 వద్ద, మరొకటి 301.035 వద్ద విడిపోతాయి. శోషణ వర్ణపటం ఆకారం కూడా వేరుగా ఉంటుంది కాబట్టి రెండింటినీ కలిపి చదవండి. కరక్కాయనూ దానిమ్మనూ వేరు చేయాలంటే ఎల్లాజిక్ ఆమ్లం పనికిరాదు, అది రెండింటిలోనూ వస్తుంది. మెత్తని పద్ధతిలో రాబట్టిన సారంలో కరక్కాయకు చెబులాజిక్ ఆమ్లం 953 వద్ద, దానిమ్మకు ప్యూనికలాజిన్ 1083 వద్ద వెతకండి. పాతబడిన గుడ్డలో ఈ పెద్ద అణువులు మిగలకపోవచ్చు. అప్పుడు "టానిన్ జాతి పసుపు" అని మాత్రమే రాయడం న్యాయం.

ఎనిమిదో మెట్టు: మొక్కదా, కర్మాగారానిదా

చిరివేరు ఎరుపును కృత్రిమ ఆలిజరిన్ నుంచి వేరు చేయడం మన కలంకారీకి సంబంధించినంత వరకు అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న, ఎందుకంటే రెండింటిలోనూ పర్పురిన్ దాదాపు కనిపించదు. మంజిష్ఠకు ఉన్నంత గొప్ప తోడు అణువుల గుంపు చిరివేరుకు లేదు. వేరులో ఆలిజరిన్, ఆంత్రగాలల్‌ల మిథైల్ ఈథర్లు కొద్దిగా ఉంటాయి కానీ అవి పటికను గట్టిగా పట్టుకోవు, ఉతుకుల్లో చాలావరకు పోతాయి. అవి కనిపిస్తే వేరు వాడారనడానికి మంచి ఆధారం. కనిపించకపోతే ఏ వైపూ తీర్పు చెప్పలేము.

కృత్రిమం వైపు నుంచి వచ్చే ఆధారం కొన్నిసార్లు గట్టిది. పంతొమ్మిదో శతాబ్దపు కృత్రిమ ఆలిజరిన్‌లో ఆంత్రపర్పురిన్, ఫ్లావోపర్పురిన్ అనే మలినాలు ఉండేవి. వీటి బరువూ పర్పురిన్ బరువూ ఒకటే. 255 వద్ద శిఖరం ఉండి, అది పర్పురిన్ రావలసిన సమయానికి రాకపోతే ఈ మలినాలను అనుమానించండి. నేటి శుద్ధమైన ఆలిజరిన్‌లో ఈ గుర్తు దొరకదు.

నీలిమందులో ఇండిరుబిన్ ఎక్కువగా ఉండటం మొక్క వైపు మొగ్గు చూపుతుంది, అంతకుమించి చెప్పదు. తేల్చి చెప్పగలిగినది రేడియోకార్బన్ పరీక్ష: బొగ్గుతారు, పెట్రోలియంల నుంచి చేసిన రంగులో కార్బన్-14 ఉండదు, ఇటీవలి మొక్క రంగులో ఉంటుంది. అయితే గుడ్డను అలాగే పంపితే నూలులోని కార్బన్ మొత్తం ఫలితాన్ని కప్పేస్తుంది, నూలు కూడా మొక్కదే కదా. రంగును పూర్తిగా విడదీసి, శుద్ధిచేసి, దాన్ని మాత్రమే పంపాలి. అందుకు ఒక పోగు చాలదు. ఎక్కువ గుడ్డను పోగొట్టుకోవలసి వస్తుంది కాబట్టి కొత్త వస్త్రాల తనిఖీకే ఇది తగినది.

ఈ మెట్టులో మీకు నిజంగా తోడ్పడేది మీ సొంత నమూనాల పెట్టె. వృక్షశాస్త్రం తెలిసినవారితో గుర్తింపు చేయించిన చిరివేరు, మంజిష్ఠ, తొగరు, అలాగే బజారు ఆలిజరిన్‌లతో, కరక్కాయ, పాలు పట్టించి పటిక అద్దిన నూలు గుడ్డ మీద అద్దకం చేయించి, సగం చీకట్లో భద్రపరచి, సగం ఎండలో పెట్టి ఉంచండి. పుస్తకాల్లోని సంఖ్యల కన్నా మీ యంత్రంలో మీ గుడ్డ ఇచ్చిన శిఖరాలను నమ్మండి.

తొమ్మిదో మెట్టు: నివేదిక రాయడం

నివేదికలో చూసినదాన్నీ ఊహించినదాన్నీ వేర్వేరు వాక్యాల్లో పెట్టండి. ఉదాహరణకు: "ఎరుపు నమూనాలో ఆలిజరిన్ ఉంది; పర్పురిన్, మున్జిస్టిన్, మోరిండోన్ గుర్తింపు పరిమితికి దిగువన ఉన్నాయి; అల్యూమినియం, కాల్షియం ఉన్నాయి; తెల్లని చోటులో ఎల్లాజిక్ ఆమ్లం ఉంది. ఇది చిరివేరుతోనూ కృత్రిమ ఆలిజరిన్‌తోనూ పొసగుతుంది. మంజిష్ఠ, తొగరు ప్రధాన రంగులుగా వాడారనడానికి ఆధారం లేదు." చదివేవారికి ఇది నిరాశ కలిగించవచ్చు, కానీ చేతితో అద్దకం చేసే కుటుంబం పేరు, కొనేవారి డబ్బు రెండూ ఈ వాక్యం మీద ఆధారపడి ఉంటాయి. వాడిన ద్రావకం, వేడి, సమయం, కాలమ్, పోల్చిన నమూనాలు అన్నీ రాయండి, మరొకరు అదే పరీక్షను మళ్లీ చేయగలగాలి.

మిగిలిన సారాన్ని గాజు సీసాలో మూతబిగించి, చీకట్లో, మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచండి. వాడకుండా మిగిలిన పోగు ముక్కను ఆరబెట్టి, వేరే సీసాలో, నివేదిక సంఖ్య రాసి, గుడ్డ యజమానికి తిరిగి అప్పగించండి.